తెర మీద జరిగింది నిజమా, పాత్ర భ్రమా? తేల్చుకునే పద్ధతి

2014 సంక్రాంతికి సుకుమార్ దర్శకత్వంలో ‘1: నేనొక్కడినే’ విడుదలైనప్పుడు, హనుమకొండలో రెండో ఆట చూసి బయటికి వచ్చిన మేము ఐదుగురం నయీంనగర్ దాకా నడుస్తూ ఒకే విషయం మీద వాదించుకున్నాం. మహేశ్ బాబు పోషించిన గౌతమ్ తాను ఒక మనిషిని చంపానని పోలీసులకు లొంగిపోతాడు. తీరా చూస్తే అక్కడ చనిపోయినవాడు లేడు, అతను ఎదుట లేని మనిషితో పోరాడాడు. మాలో ఒకరు సినిమా అంతా అతని ఊహేనన్నారు. తన తల్లిదండ్రులను చంపేశారన్న గౌతమ్ జ్ఞాపకం నిజమని చివరికి తేలింది కాబట్టి మిగిలినదంతా కూడా నిజమేనని ఇంకొకరు పట్టుబట్టారు. ఆ వాదన ఎందుకు తెగలేదో నాకు చాలా రోజుల తర్వాత అర్థమైంది. ఇద్దరూ సినిమా మొత్తానికి ఒకే జవాబు అడిగారు. ఆ సినిమా అలా కట్టినది కాదు. అందులో కొన్ని దృశ్యాలు భ్రమలు, ఆ భ్రమల అడుగున ఉన్న జ్ఞాపకం మాత్రం నిజం.

అప్పటి నుంచి ఇటువంటి సినిమాలను ఇంట్లో స్నేహితులతో కలిసి రెండోసారి చూస్తూ, నెమ్మదిగా ఒక పద్ధతి అలవరచుకున్నాను. దాన్ని మీరూ వాడుకోగలిగేటట్టు ఇక్కడ వరుసగా చెబుతాను. కొన్ని సినిమాల ముగింపులు చెప్పక తప్పదు కాబట్టి, వాటిని ఇంకా చూడనివారు ముందు చూసి రావడం మంచిది.

మొదటిసారి చూసేటప్పుడు ఏమీ రాసుకోకండి. సినిమా మిమ్మల్ని ఎక్కడ నమ్మించిందో, ఎక్కడ అనుమానంలో పడేసిందో మీ మనసుకు ముందు తెలియాలి. చేతిలో కాగితం ఉంటే నమ్మకం కలగకముందే అనుమానం మొదలవుతుంది. రెండోసారి చూసేటప్పుడు కాగితం మీద మూడు గీతలు గీసుకుని, ప్రతి దృశ్యానికీ మూడు సంగతులు రాయండి: ఆ దృశ్యంలో ఎవరెవరు ఉన్నారు, జరిగినదాన్ని వారిలో ఎవరు చూశారు లేదా విన్నారు, దృశ్యం ముగిశాక దాని ఆనవాలు ఎవరి దగ్గర మిగిలింది. ఈ మూడోదే అన్నింటికంటే విలువైనది, చాలామంది వదిలేసేదీ అదే.

మాటల్లో చెబితే ఇది పొడిగా అనిపిస్తుంది కాబట్టి ఒక సినిమాను మనమే ఊహించుకుందాం. వరంగల్‌లో 1934లో మొదలై, తర్వాత మూతపడిన ఆజం జాహీ మిల్లులో నేత పని చేసిన రాజయ్య అనే వృద్ధుడు కొడుకు ఇంట్లో ఉంటున్నాడు. మిల్లు లేకపోయినా ప్రతి రోజూ తెల్లవారుజామున అతనికి మిల్లు సైరన్ వినిపిస్తుంది. వెంటనే లేచి, సద్ది కట్టుకుని మిల్లు ఉన్న చోటికి నడుస్తాడు. అక్కడ పాత దోస్తు మల్లేశం ఎదురవుతాడు. ఇద్దరూ చాయ్ బండి దగ్గర కూర్చుని మాట్లాడుకుంటారు. కొన్నాళ్లకు కోడలు బట్టలు ఉతుకుతూ రాజయ్య అంగీ జేబులో ఒక కళ్లద్దాల జత చూసి, “మామా, ఇవి ఎవరివి?” అని అడుగుతుంది. అతను “మల్లేశానివి” అంటాడు. కోడలి ముఖం మారిపోతుంది, ఎందుకంటే మల్లేశం పోయి చాలా ఏండ్లయింది. చివరి దృశ్యంలో తెల్లవారుజామున మనవరాలు లేచి కూర్చుంటుంది. “తాతా, సైరన్ మోగింది” అని పిలుస్తుంది. రాజయ్య పలకడు.

ఇప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: నిజం కాదని మనం అనుమానిస్తున్నది ఏ రకానికి చెందినది? చీకట్లో తాడును చూసి పామనుకోవడం ఒకటి. అక్కడ తాడైనా ఉంది. తాడు కూడా లేని చోట పామును చూడటం వేరొకటి. కంటికి ఏ పామూ కనిపించకపోయినా, ఊళ్లోవారందరూ తన మీద పాము వదలాలని చూస్తున్నారని గట్టిగా నమ్మడం మూడోది. వైద్యులు ఈ తేడాలను జాగ్రత్తగా పాటిస్తారు, మనమూ పాటించాలి. ఇవి కాక కల ఉంది, పగటి ఊహ ఉంది, ఒక పాత్ర మరో పాత్రకు చెప్పే అబద్ధం ఉంది. దూరంగా కూసిన రైలు కూత రాజయ్యకు సైరన్‌లా వినిపిస్తే అది తాడు-పాము వ్యవహారం. కాజీపేట రైల్వే జంక్షన్ అంత దగ్గరగా ఉన్న ఊళ్లో దర్శకుడు ఆ అవకాశాన్ని వదులుకోకపోవచ్చు కాబట్టి, సైరన్ వినిపించిన ప్రతిసారీ దాని వెనుక రైలు చప్పుడు ఉందేమో చెవి పెట్టి వినాలి.

ఈ రకాలకు పూర్తిగా బయట ఉండేది ఆ కథాలోకపు నియమం. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరిస్తే అది ఎవరి భ్రమా కాదు, ఆ లోకంలో మాయ పని చేస్తుంది, అంతే. 1999లో వచ్చిన ‘ది సిక్స్త్ సెన్స్’లో పిల్లవాడికి చనిపోయినవారు కనిపించడం కూడా అటువంటిదే, ఆ సినిమాలో ఆత్మలు ఉన్నాయి, అబ్బాయికి ఉన్నది వ్యాధి కాదు. ఆ లోకంలో ఏది సాధ్యమో తేల్చుకోకుండా పాత్ర మనసును విచారణకు నిలబెట్టడం అన్యాయం.

తర్వాత చూడవలసినది, దృశ్యం ఎవరి కళ్లతో నడుస్తోందన్నది. ‘మాయాబజార్’లోనే ప్రియదర్శిని అనే పేటిక ఉంది, తెరిచినవారికి తమకు ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు, కృష్ణుడికి శకుని కనిపిస్తాడు. పెట్టె ఒక్కటే అయినా చూసేవారిని బట్టి బొమ్మ మారుతుంది. భ్రమను చూపించే సినిమాలన్నీ ఒక విధంగా ప్రియదర్శినులే, కాకపోతే పెట్టె ఎవరు తెరిచారో అవి మనకు వెంటనే చెప్పవు. దాన్ని కనిపెట్టడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. అనుమానించదగిన పాత్ర లేని దృశ్యాలను వెతకండి. రాజయ్య నిద్రపోతున్నప్పుడో, ఊళ్లో లేనప్పుడో మల్లేశం ఎవరికైనా కనిపించాడా? రాజయ్య లేని దృశ్యం ఒక్కటి కూడా సినిమాలో లేకపోతే, కథ మొత్తం అతని తలలో నుంచి చూస్తున్నామన్న అనుమానానికి బలం వస్తుంది. కళ్లద్దాల దృశ్యంలో కెమెరా మొదట కోడలితో ఉంది, రాజయ్య తర్వాత వచ్చాడు. అందువల్ల ఆ కళ్లద్దాలు ఉన్నాయని గట్టిగా నమ్మవచ్చు.

అయితే ఈ పరీక్షకు ఒక మినహాయింపు ఉంది, అది చాలా పాతది కూడా. 1920 నాటి జర్మన్ మూకీ చిత్రం ‘ది కేబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి’లో కథ చెప్పే యువకుడు తాను లేని సంఘటనలను కూడా మనకు చెబుతాడు, చివరికి అతను మానసిక చికిత్సాలయంలో రోగి అని తెలుస్తుంది. వంకర గోడలు, రంగుతో గీసిన నీడలు అతని మనసులోవేనని మనం సరిపెట్టుకోబోతాం. కానీ కథ ముగిసి ‘అసలు’ లోకానికి తిరిగి వచ్చాక కూడా ఆ చికిత్సాలయపు ముంగిలి అదే వంకర గీతలతో ఉంటుంది. నూరేండ్లు దాటినా చర్చ ఆగకపోవడానికి ఆ ముంగిలి ఒక కారణమని నేను నమ్ముతాను. ఎవరైనా కథ చెబుతున్న చట్రంలో సినిమా నడిస్తే, చట్రం లోపలి దృశ్యాలకూ బయటి దృశ్యాలకూ వేర్వేరు కాగితాలు పెట్టుకోండి.

ఇక ఆనవాళ్ల సంగతి. పాత్ర నోటి మాట కన్నా ఇతరుల చేతుల్లో ఉన్న వస్తువు నమ్మదగినది. ఎదుటివాడు తలుపు తీశాడా, తోవ ఇచ్చాడా, డబ్బు తీసుకున్నాడా, నలుగురిలో ఎవరైనా అతనికి బదులు పలికారా అన్నవి చూడాలి. ‘ది సిక్స్త్ సెన్స్’లో బ్రూస్ విల్లిస్ పాత్ర మొదట్లో తగిలిన తుపాకీ గుండుకే చనిపోయిందని చివర్లో తెలుస్తుంది, రెండోసారి చూస్తే ఆ కాల్పుల తర్వాత అతనితో ఆ పిల్లవాడు తప్ప ఎవరూ నేరుగా మాట్లాడలేదని తెలుస్తుంది, రెస్టారెంట్‌లో భార్య ఎదుట కూర్చున్న దృశ్యం కూడా దానికి లోబడే ఉంది. 2010 నాటి ‘షటర్ ఐలాండ్’లో విచారణకు వచ్చిన ఒక రోగి నీళ్లు తాగుతున్నప్పుడు ఒక క్షణం ఆమె చేతిలో గ్లాసు ఉండదు. ఒక్క క్షణం కనిపించే ఇటువంటివి కూర్పులో జరిగిన పొరపాట్లు కూడా కావచ్చు కాబట్టి, ఒక్కదాన్ని పట్టుకుని తీర్పు చెప్పకూడదు. అదే సినిమాలో అటువంటివి పదే పదే వస్తూ, అన్నీ ఒకే పాత్ర చుట్టూ, ఒకే భయం చుట్టూ తిరుగుతుంటే అప్పుడు అది పొరపాటు కాదు.

మన రాజయ్య చాయ్ బండి దగ్గర రెండు కప్పులు తీసుకుని రెండింటికీ డబ్బులిచ్చాడనుకుందాం. బండివాడు మారు మాట్లాడకుండా తీసుకున్నాడు. తొందరపడి చూసేవారు “చూశారా, రెండు కప్పులు, కాబట్టి మల్లేశం ఉన్నాడు” అంటారు. ఓపికగా చూస్తే, వెళ్లేటప్పుడు బల్ల మీద ఒక కప్పు నిండుగా, మీగడ కట్టి మిగిలి ఉంటుంది. పైగా బండివాడు ఏమీ అడగకపోవడంలో ఒక దయ ఉంది. ఆ వృద్ధుడు రోజూ రెండు కప్పులు కొంటాడని అతనికి తెలుసు. ఇక్కడ ఆనవాలు రెండు పనులు చేసింది. మల్లేశం లేడని చెప్పింది, లేడని తెలిసిన మనిషి ఒకడు ఊళ్లో ఉన్నాడని కూడా చెప్పింది. ఇటువంటి దృశ్యం దొరికినప్పుడు మిగతా పనులు ఆపి, దాన్ని మళ్లీ చూడండి.

కాలాన్ని కూడా లెక్క పెట్టండి. 2001 నాటి ‘ఎ బ్యూటిఫుల్ మైండ్’లో జాన్ నాష్ తన మిత్రుడితో పాటు కనిపించే పాప ఏండ్లు గడిచినా పెరగడం లేదని గమనించి, ఆమె లేదని తానే తెలుసుకుంటాడు. గణిత శాస్త్రజ్ఞుడికి తగిన ఆధారం అది. ప్రేక్షకుడికి కూడా అంతే ఉపయోగపడుతుంది. బట్టలు, జుట్టు, వయసు, గోడ గడియారం, పండుగల వరుస చూడండి. మల్లేశం ఎండాకాలంలోనూ అదే గొంగడి కప్పుకుని వస్తే రాసుకోండి. ఈ సినిమా గురించి ఇంకో మాట చెప్పాలి. 1994లో నోబెల్ బహుమతి అందుకున్న నిజమైన నాష్‌ను బాధించినవి ముఖ్యంగా గొంతులు. మనుషులు కనిపించడం సినిమా కోసం చేసిన మార్పు. తెర మీద చూసినదాన్ని బట్టి మన ఇంటి పక్కన అటువంటి బాధ పడుతున్న మనిషిని అంచనా వేయకండి. రాజయ్యలాంటి వృద్ధులు మన వీధుల్లో నిజంగా ఉన్నారు, వారిని ‘పిచ్చి’ అనే మాటతో తోసేయడం నాకు ఏనాడూ సహించదు.

సంకేతాల విషయంలో మన ఒగ్గు కథ చూసి పెరిగినవారికి కొంత సాధన ముందే ఉంటుంది. ప్రధాన కథకుడు ఒకే రాత్రి బీరప్ప అవుతాడు, కామరాతి అవుతాడు, మళ్లీ కథ చెప్పే మనిషి అవుతాడు. గొంతు, నడక, డోలు వరుస మారగానే కూర్చున్నవారు ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తారు. సినిమాలో ఆ పని రంగు, వెలుతురు, చప్పుడు, కూర్పు చేస్తాయి. వాటిలో చప్పుడు ఎక్కువ నిజాయితీ గలదని నా అనుభవం. భ్రమ దృశ్యంలో వీధి శబ్దాలు తగ్గిపోయి పాత్ర ఊపిరి పెరగడం, భ్రమ విడిపోగానే వాహనాల రొద ఒక్కసారిగా మీద పడటం తరచుగా జరుగుతుంది. కానీ ఒక సినిమాలో నీలి రంగు కలకు గుర్తయితే ఇంకో సినిమాలోనూ అంతేనని అనుకోకూడదు. ప్రతి సినిమా తన సంకేతాలను మొదటి అరగంటలో తానే నేర్పుతుంది.

నేర్పిన సంకేతానికి సినిమా కట్టుబడిందా అన్నది వేరే ప్రశ్న. 1950లో హిచ్‌కాక్ తీసిన ‘స్టేజ్ ఫ్రైట్’లో ఒక పాత్ర చెప్పిన గతం తెర మీద దృశ్యంగా కనిపిస్తుంది, తీరా అది అబద్ధం. ప్రేక్షకులు మోసపోయామని బాధపడ్డారు, హిచ్‌కాక్ కూడా తర్వాత అది తన తప్పేనని ఒప్పుకున్నాడు. అదే ఏడాది వచ్చిన కురోసావా ‘రషోమోన్’లో ఒకే ఘటనను నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు, అన్నీ తెర మీద దృశ్యాలుగానే కనిపిస్తాయి, అయినా మనకు మోసం అనిపించదు. ఎందుకంటే ఇది ఎవరి వాంగ్మూలమో అది ప్రతిసారీ ముందే చెబుతుంది. మీరు చూస్తున్న సినిమా ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉందో గుర్తిస్తే, దాని దృశ్యాలను ఎంత వరకు నమ్మాలో తెలుస్తుంది.

చాలా సినిమాల్లో సినిమాయే స్వయంగా ముసుగు తొలగించే దృశ్యం ఒకటి ఉంటుంది. 2018లో ప్రశాంత్ వర్మ తీసిన ‘అ!’లో చేప మాట్లాడుతుంది, బోన్సాయ్ చెట్టు మాట్లాడుతుంది, వేర్వేరు కథలు ఒకే చోట నడుస్తాయి. అవన్నీ ఒకే స్త్రీ మనసులోని మనుషులని చివరికి తెలుస్తుంది. అక్కడ వాదించడానికి పెద్దగా ఏమీ లేదు, వెనక్కి వెళ్లి ఏ పాత్ర ఆమెలోని ఏ గాయమో చూసుకోవడమే పని. 2019 నాటి ‘జోకర్’ వేరు. పక్కింటి యువతితో కథానాయకుడు ఆర్థర్ స్నేహం ఊహేనని సినిమా స్పష్టంగా చూపిస్తుంది, పాత దృశ్యాలను ఆమె లేకుండా మళ్లీ చూపిస్తుంది. దాన్ని పట్టుకుని చాలామంది మొత్తం సినిమాయే ఊహ అంటారు. ఇక్కడే జాగ్రత్త కావాలి. సినిమా ఒక దృశ్యాన్ని వెనక్కి తీసుకుంటే, మీరు ఆ ఒక్కదాన్నే కొట్టివేయండి. మిగిలినవాటిని కూడా కొట్టివేయాలంటే ఒక్కొక్కదానికి విడిగా ఆధారం చూపాలి. 2000లో ‘అమెరికన్ సైకో’ తీసిన మేరీ హారన్, అదంతా కల అని ప్రేక్షకులు అనుకోవడం ముగింపును తీయడంలో తన వైఫల్యమని చెప్పారు. దర్శకురాలి మాటే తుది తీర్పు కానక్కర లేదు. అయినా తలుపు కొంచెం తెరిచి ఉంచినంత మాత్రాన ఇల్లంతా ఖాళీ అని ప్రేక్షకులు ఎంత తేలికగా అనుకుంటారో అది చూపిస్తుంది.

“అంతా కలే” అన్న జవాబును నేను చిట్టచివరికి వాయిదా వేస్తాను. అది ఏ ప్రశ్నకైనా సరిపోతుంది, అందువల్లే ఏ దృశ్యం గురించీ కొత్తగా ఏమీ చెప్పదు. దానికి ముందు రెండు వాదాలను రెండు కాగితాల మీద, ప్రత్యర్థి కూడా ఒప్పుకునేంత నిజాయితీగా రాయండి. నిజమని నమ్మితే ఏ దృశ్యాలు వివరణకు లొంగకుండా మిగిలిపోతున్నాయి, భ్రమ అని నమ్మితే ఏవి మిగిలిపోతున్నాయి అన్నది లెక్క వేయండి. తక్కువ మిగిల్చిన వాదం వైపు మొగ్గండి. అయితే మిగిలిన ఒక్కటే సినిమాకు ఆయువుపట్టు అయితే, అంకె చిన్నదని దాన్ని తక్కువ చేయకండి.

రాజయ్య సినిమాకు ఇది చేసి చూద్దాం. భ్రమ అన్న కాగితం మీద సైరన్‌కు పక్క మంచంలోని మనవరాలు కదలకపోవడం, వీధి కుక్క చెవి ఎత్తకపోవడం, నిండుగా మిగిలిన చాయ్ కప్పు ఉన్నాయి. నిజమన్న కాగితం మీద కళ్లద్దాలు ఉన్నాయి. వాటిని నిలదీయాలి: మల్లేశం పోయినప్పుడు అతని వస్తువులు ఎవరు తీసుకున్నారు, రాజయ్య ట్రంకు పెట్టె ఏదైనా దృశ్యంలో తెరిచి కనిపించిందా, అద్దాల మీద దుమ్ము ఉందా? ట్రంకు పెట్టె ఒక్కసారి కనిపించినా కళ్లద్దాలు మొదటి కాగితం మీదికి వచ్చేస్తాయి. ఇక రెండో వైపు మిగిలేది చివరి దృశ్యం ఒక్కటే. అక్కడ సైరన్ విన్నది రాజయ్య కాదు. అప్పటి దాకా ఒక్క తలలోనే మోగిన చప్పుడు ఇప్పుడు ఇంకో తలలో మోగింది.

ఆ పాపకు కూడా భ్రమ అనవచ్చు. రోజూ తాత నోట విని విని కలలో విన్నదనవచ్చు. లేదా మిల్లు ఇంకా ఎక్కడో పని చేస్తోందని సినిమా చెబుతోందనవచ్చు, అప్పుడు ఆ లోకపు నియమమే చివరి నిమిషంలో మారినట్టు. వీటిలో ఏదో ఒకటి ఎంచుకోవడానికి ముందు ఆ దృశ్యాన్ని కళ్లు మూసుకుని ఒకసారి వినండి. పాప మాట్లాడకముందు మీకు సైరన్ వినిపించిందా? మొదటి నుంచీ రాజయ్యతో పాటు మనకూ వినిపిస్తూ వచ్చిన ఆ చప్పుడు ఇప్పుడు వినిపించకపోతే, దర్శకుడు మనల్ని రాజయ్య తలలోనుంచి బయట నిలబెట్టాడని అర్థం, పాప తాత మీది ప్రేమతో ఆయన్ని లేపడానికి ఆ మాట అన్నది. వినిపిస్తే మీ మూడు గీతల కాగితంలో ‘ఎవరు విన్నారు’ అన్న గడిలో పాప పేరు పక్కన మీ పేరు కూడా రాసుకుని, సినిమాను మొదటి సైరన్ నుంచి మళ్లీ పెట్టండి.